పంటి అరుగుదల – పంటి మెరుగు

మన పల్లెల్లో తెల్లవారిందంటే పందుంపుల్ల విరవడంతోనే దినచర్య మొదలయ్యేది. వేపపుల్ల దొరకని చోట కచ్చిక, కచ్చిక లేని చోట ఊక బొగ్గు, అదీ లేకపోతే ఇటుక పొడి లేదా కల్లుప్పు. బతుకుతెరువు కోసం పాలమూరు నుంచో, కరీంనగర్ నుంచో, శ్రీకాకుళం నుంచో ముంబై చేరిన కుటుంబాలు తమ వెంట తెచ్చుకున్న అలవాట్లలో ఇదొకటి. ఇక్కడికి వచ్చాక కొందరు పేస్టుకు మారారు, కొందరు ఇరుగుపొరుగును చూసి మిశ్రీ అలవాటు చేసుకున్నారు, మరికొందరు పాత పద్ధతినే కొనసాగిస్తున్నారు. సాధనం ఏదైనా వీటన్నిటి వెనుక ఉన్న నమ్మకం ఒక్కటే: ఎంత గట్టిగా రుద్దితే పన్ను అంత శుభ్రపడుతుందని.

ఈ నమ్మకంలో సగం నిజం ఉంది. రాపిడి లేకుండా పాచి వదలదు. అయితే అదే రాపిడి మితిమీరితే పాచితోపాటు పన్ను కూడా అరుగుతుంది. దంతవైద్యుడు గార తీసినప్పుడూ, పుచ్చిన పన్ను నింపినప్పుడూ, క్యాప్ అమర్చినప్పుడూ వాడేది కూడా రాపిడినే. ఆయన చేతిలో అది పంటికి మెరుగు అవుతుంది, మన చేతిలో తరచు అరుగుదల అవుతుంది. ఈ తేడా ఎక్కడ వస్తున్నదో తెలుసుకుంటే రోజూ పళ్ళు తోముకోవడంలో ఏది మార్చుకోవాలో, ఆసుపత్రిలో ఏమి అడగాలో తేలికగా బోధపడుతుంది.

పోయిన పింగాణి తిరిగి రాదు

పంటికి పైన కనిపించే తెల్లని పొర పేరు ఎనామెల్. మన శరీరంలో దీనికన్నా గట్టి పదార్థం మరొకటి లేదు. బరువులో సుమారు 96 శాతం ఖనిజమే. దవడ పళ్ళ కొనల మీద ఇది 2 నుంచి 2.5 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. చిగురు వైపు దిగిన కొద్దీ పలచబడుతూ, పంటి మెడ దగ్గర కత్తి అంచులాగా సన్నబడి ముగిసిపోతుంది.

ఎనామెల్ కింద ఉండేది డెంటిన్. ఇది పసుపు వన్నె కలిగి, ఎనామెల్ కన్నా ఎంతో మెత్తగా ఉంటుంది. దీనిలో కంటికి కనిపించని సన్నని గొట్టాలు వేలకొద్దీ ఉంటాయి. అవి పంటి నడుమ ఉండే నాడి వరకు దారి తీస్తాయి. ఎనామెల్ అరిగి డెంటిన్ బయటపడితే చన్నీళ్ళు తాగినా, చల్లగాలి పీల్చినా పన్ను జివ్వుమని లాగడానికి కారణం ఆ గొట్టాలే.

చర్మం గీసుకుపోతే మళ్ళీ వస్తుంది, ఎముక విరిగితే అతుక్కుంటుంది. ఎనామెల్ విషయంలో అది జరగదు. ఎనామెల్‌ను తయారుచేసే కణాలు పన్ను చిగురును చీల్చుకుని బయటికి వచ్చే సమయానికే నశించిపోతాయి. పులుపు వల్ల పైపైన మెత్తబడిన పొరను లాలాజలంలోని ఖనిజాలు కొంతవరకు తిరిగి గట్టిపరచగలవు. కాని అరిగిపోయిన మందాన్ని తిరిగి నింపే శక్తి శరీరానికి లేదు. ఆరేడేళ్ళ వయసులో వచ్చిన శాశ్వత దంతాలను చివరిదాకా కాపాడుకోవలసిందే.

రాపిడి ఎలా పనిచేస్తుంది?

ఈ నగరంలో బండలు పరిచే పని, పాలిష్ పని చేసేవారిలో మనవాళ్ళు చాలామంది ఉన్నారు. వారికి ఈ విషయం వేరే చెప్పనక్కరలేదు. కొత్తగా పరిచిన బండ మీద ముందు గరుకు రాయి కట్టిన యంత్రాన్ని నడుపుతారు. ఎత్తుపల్లాలు పోతాయి, కాని గీతలు మిగులుతాయి. ఆ గీతలను అంతకన్నా సన్నని రాయితో, అవి వదిలిన గీతలను ఇంకా సన్నని రాయితో పోగొడుతూ వస్తారు. చివరికి బండలో మన నీడ కనిపిస్తుంది. వడ్రంగి చిత్రిక పట్టిన తరువాత గరుకు కాగితంతో రుద్దడంలోనూ ఇదే క్రమం. పంటికి మెరుగు పెట్టడమూ దీనికి భిన్నం కాదు.

ఒక వస్తువు మరొక వస్తువును గీయాలంటే గీసేది గట్టిగా ఉండాలి. ఖనిజాల గట్టితనాన్ని 1 నుంచి 10 వరకు లెక్కించే మోస్ కొలమానంలో వజ్రానిది 10, ఎనామెల్‌ది సుమారు 5, డెంటిన్‌ది సుమారు 3. మామూలు ఇసుకలో ఉండే స్ఫటికానిది 7. కాబట్టి ఇసుక రేణువు ఎనామెల్‌ను సులభంగా గీయగలదు. ఇటుక పొడిలో ఉండేది చాలావరకు ఇలాంటి రేణువులే. వరి ఊకను కాల్చగా మిగిలే బూడిదలో అధికభాగం సిలికానే. కచ్చికలో పేడతోపాటు అంటుకొచ్చిన మట్టి, ఇసుక కలిసి ఉంటాయి. అలాగని సున్నపురాయి పొడి 3 మాత్రమే కనుక అది పేస్టుల్లో చాలాకాలంగా వాడుకలో ఉంది. ఉప్పు 2.5 మాత్రమే, పైగా నోటిలో కరిగిపోతుంది. కాని పెద్ద పలుకులతో గట్టిగా రుద్దితే అది పంటికన్నా ముందు చిగురును గాయపరుస్తుంది.

గట్టితనం ఒక్కటే చాలదు. రేణువు ఎంత పెద్దది, దాని అంచు ఎంత పదునైనది, ఎంత ఒత్తిడితో రుద్దుతున్నాం, ఎంతసేపు రుద్దుతున్నాం, మధ్యలో తడి ఉందా లేదా అన్నవీ లెక్కలోకి వస్తాయి. ఇంటి పొడుల్లో ఒక రేణువుకు మరొక రేణువుకు పొంతన ఉండదు. వస్త్రగాళితం చేసినా పొడిలో పెద్ద పలుకులు కొన్ని మిగిలే ఉంటాయి. వేలితో అదిమి రుద్దినప్పుడు పంటి మీద లోతుగా గీతలు పెట్టేవి అవే. ఆ గీతల్లో మళ్ళీ పాచి చేరుతుంది, మరకలు పడతాయి. మరక కనిపించిందని ఇంకా గట్టిగా రుద్దుతాం. అలా పన్ను తెల్లబడుతుందనుకుంటూ ఉండగా ఎనామెల్ పలచబడి, కింది డెంటిన్ రంగు తొంగిచూసి, పన్ను మరింత పచ్చబడుతుంది.

ఇంట్లో జరిగే అరుగుదల

అరుగుదల అనేక రూపాల్లో కనిపిస్తుంది. వాటిని గుర్తించడం కష్టం కాదు.

పంటి మెడ దగ్గర, చిగురును ఆనుకుని, గొడ్డలితో చెక్కినట్టు కనిపించే గాటు మొదటిది. గట్టి కుచ్చు బ్రష్షుతోనో, గరుకు పొడితోనో, అడ్డంగా రంపం కోసినట్టు తోమేవారిలో ఇది ఎక్కువ. కోరపళ్ళు, వాటి వెనుక పళ్ళు వరుసలో కొంచెం ముందుకు పొడుచుకు వస్తాయి కనుక దెబ్బ ముందుగా వాటికే తగులుతుంది. కుడిచేతివాటం వారిలో ఎడమవైపు పళ్ళు ఎక్కువగా అరగడం వైద్యులు తరచు గమనించే విషయం.

చేతిపనుల వల్ల కలిగే అరుగుదల రెండవది. దర్జీలు దారం పళ్ళతో తెంపడం, గుండుసూదులు పళ్ళ మధ్య పట్టుకోవడం, వడ్రంగులు మేకులు నోట కరచుకోవడం వంటి వాటి వల్ల ముందు పళ్ళ అంచున చిన్న నొక్కులు పడతాయి. రాళ్ళు కోసే చోట, బండలు రుద్దే చోట, సిమెంటు పనుల్లో ఎగిరే ధూళి నోటిలో చేరి నమిలే పళ్ళ మధ్య పడి నలుగుతుంది. ఆ ధూళిలో ఉన్నది ఎనామెల్ కన్నా గట్టిదైన స్ఫటికం. పనిచేసేటప్పుడు ముక్కు, నోరు మూసుకునే మాస్కు ఊపిరితిత్తులను కాపాడటంతోపాటు పళ్ళనూ కాపాడుతుంది. పని ముగిసిన తరువాత ముందు నీళ్ళతో నోరు బాగా పుక్కిలించి, ఆ పైననే భోజనం చేయడం, పళ్ళు తోముకోవడం మంచిది.

పన్నుకు పన్ను రాసుకుని అరగడం మూడవది. నిద్రలో పళ్ళు కొరికే అలవాటు, రోజంతా వక్క నమిలే అలవాటు ఉన్నవారిలో దవడ పళ్ళ కొనలు చదునైపోతాయి.

పులుపు వల్ల కలిగే క్షయం నాలుగవది. పచ్చి మామిడికాయ తిన్నాక పళ్ళు పులిశాయి అంటాం కదా. నోటిలో ఆమ్లత్వం పెరిగి పీహెచ్ సుమారు 5.5 కన్నా తగ్గితే ఎనామెల్‌లోని ఖనిజం కరగడం మొదలవుతుంది. నిమ్మరసం, శీతల పానీయాలు ఆ హద్దుకు ఎంతో దిగువన ఉంటాయి. తరచు పుల్లటి తేన్పులు వచ్చేవారికి, వాంతులు అయ్యేవారికి ఇదే ఇబ్బంది. అలా మెత్తబడిన పంటిని వెంటనే బ్రష్షుతో రుద్దితే పైపొర మామూలుకన్నా ఎక్కువగా లేచిపోతుంది. పులుపు తగిలిన తరువాత నీళ్ళతో పుక్కిలించి, కనీసం అరగంట ఆగి తోముకోవాలి. ఆ వ్యవధిలో లాలాజలం తన పని తాను చేస్తుంది.

ఇక మిశ్రీ సంగతి. పొగాకును పెనం మీద నల్లగా కాల్చి పొడిచేసి, పళ్ళకు, చిగుళ్ళకు రుద్దుకోవడం మహారాష్ట్రలో పాత అలవాటు. ఒడిశాలోని తెలుగువారికి గుడాకు రూపంలో ఇటువంటిదే పరిచయం. ఇది పళ్ళు తోముకోవడం కోసమని మొదలై, రోజుకు నాలుగైదుసార్లు లేకపోతే ఉండలేని వ్యసనంగా మారుతుంది. పొగాకు చిగుళ్ళను, బుగ్గలను దెబ్బతీస్తుంది, నోటి క్యాన్సర్‌కు దారితీస్తుంది. పొగాకు కలిపిన టూత్‌పేస్టు, పళ్ళపొడుల తయారీని, అమ్మకాన్ని కేంద్ర ప్రభుత్వం 1992లోనే నిషేధించింది. అయినా ఇంట్లో కాల్చుకునే మిశ్రీని చట్టం పట్టుకోలేదు. గర్భిణులు, బాలింతలు దీని జోలికి అసలే పోకూడదు. పిల్లల చేతికి అందనీయకూడదు.

పేస్టులోనూ గరుకు ఉంటుంది

పేస్టు నున్నగా కనిపించినా దానిలోనూ రాపిడి రేణువులు ఉంటాయి. అవి లేకపోతే పళ్ళమీది మరక పోదు. తేడా ఏమిటంటే, ఆ రేణువుల పరిమాణం, గట్టితనం ముందుగా కొలిచినవి. ఒక పేస్టు డెంటిన్‌ను ఎంత అరగదీస్తుందో కొలిచే అంతర్జాతీయ పద్ధతి ఒకటి ఉంది. ఒక నిర్ణీత పదార్థపు రాపిడిని 100గా తీసుకుని, మిగిలినవాటిని దానితో పోల్చి అంకె వేస్తారు. దానిని ఆర్‌డీఏ అంటారు. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం ఏ పేస్టూ 250 దాటకూడదు. 70 లోపు ఉన్నవాటిని తక్కువ గరుకు కలవిగా పరిగణిస్తారు. ఇటుక పొడికి, బూడిదకు ఇటువంటి కొలత గాని, హద్దు గాని లేవు.

మన దుకాణాల్లో దొరికే పేస్టు పెట్టెలమీద ఈ అంకె సాధారణంగా కనిపించదు. కాబట్టి ఒక చిన్న గుర్తు పెట్టుకోవచ్చు. పళ్ళు జివ్వుమనేవారి కోసం చేసిన పేస్టుల్లో సాధారణంగా గరుకు తక్కువగా ఉంటుంది, మరకలు పోగొడతామని, పళ్ళు తళతళలాడిస్తామని చెప్పేవాటిలో తరచు ఎక్కువగా ఉంటుంది. చిగురు దిగి పంటి మెడ బయటపడినవారు రెండవ రకానికి దూరంగా ఉండాలి. ఈ మధ్య నల్లని బొగ్గు పొడులు, బొగ్గు పేస్టులు కొత్త పేర్లతో ఖరీదుగా అమ్ముతున్నారు. అవి మన ఊక బొగ్గుకు అన్నదమ్ములే. అనేకం ఫ్లోరైడ్ లేకుండా వస్తాయి, నల్లని రేణువులు నింపిన పంటి అంచుల్లో ఇరుక్కుని అక్కడ చార ఏర్పరుస్తాయి.

పళ్ళను కాపాడటంలో పేస్టుకున్న అసలు విలువ గరుకుదనం కాదు, దానిలోని ఫ్లోరైడ్. పెట్టెమీద ఫ్లోరైడ్ 1000 పీపీఎం లేదా అంతకు కొంచెం ఎక్కువ అని ఉందేమో చూసుకోవాలి. పెద్దలకు బఠాణీ గింజంత చాలు, మూడేళ్ళలోపు పిల్లలకు బియ్యపు గింజంత. ప్రకటనల్లో చూపినట్టు బ్రష్షు పొడవునా పట్టించడం వృథా.

వేపపుల్ల వాడేవారు దానిని మానుకోనక్కరలేదు. కొనను బాగా నమిలి మెత్తని కుచ్చుగా చేసుకుని, చిగురు నుంచి పంటి కొన వైపు సుతారంగా తోముకుంటే చాలు. కొన సరిగా నలగకుండానే అడ్డంగా రుద్దినప్పుడే చిగురు చీరుకుపోతుంది.

గార తీయించుకుంటే పళ్ళు వదులవుతాయా?

దంతవైద్యశాలకు వెళ్ళమని చెప్పినప్పుడు మనవారిలో ఎక్కువగా వినిపించే అభ్యంతరం ఇది. పాచి గట్టిపడి రాయిలా మారితే దానిని గార అంటాం. అది ఒకసారి పట్టిన తరువాత బ్రష్షుకు లొంగదు. చిగురు కిందికి చొచ్చుకుపోయి, చిగురును వాచేలా చేసి, క్రమంగా పంటిని పట్టి ఉంచే ఎముకను తగ్గిస్తుంది. అప్పటికే వదులైన పళ్ళను ఆ గారే గోడకు పూసిన సిమెంటులాగా ఒకదానితో ఒకటి పట్టి ఉంచుతుంది. వైద్యుడు గార తీసేసరికి అంతకుముందే ఉన్న వదులు బయటపడుతుంది. తప్పు శుభ్రం చేయడంలో లేదు, ఆలస్యంగా వెళ్ళడంలో ఉంది. పళ్ళ మధ్య సందులు ఏర్పడినట్టు అనిపించడానికి కారణమూ అదే: ఇన్నాళ్ళూ ఆ సందులను గార నింపి ఉంచింది.

గార తీసిన తరువాత మెత్తని రబ్బరు కప్పుతో, సన్నని పొడి కలిపిన లేపనంతో పళ్ళను మెరుగుపెడతారు. కొద్దిపాటి మరకలు పోయి, పంటి మీద గరుకు తగ్గుతుంది. దీనిలోనూ మితం ఉంది. మెరుగు పెట్టిన ప్రతిసారీ పైపొర కొన్ని మైక్రాన్ల మేర పోతుంది, అందులోనే ఫ్లోరైడ్ అధికంగా ఉంటుంది. అందుకే మరకలు లేని పళ్ళకు మెరుగు పెట్టనక్కరలేదని నేడు చాలామంది వైద్యులు భావిస్తారు. తళతళ మెరిసేలా మళ్ళీ మళ్ళీ పాలిష్ చేయమని మనం పట్టుబట్టకూడదు.

నింపిన పంటికి చివరి మెరుగు

పుచ్చిన భాగాన్ని తొలిచి, సిమెంటు నింపగానే పని పూర్తయిందని అనుకుంటాం. వైద్యుని దృష్టిలో అప్పటికి సగమే పూర్తయినట్టు. నింపిన పదార్థాన్ని పంటి ఆకారానికి తీర్చడం, పైపళ్ళతో సరిగా కలిసేలా ఎత్తు సరిచేయడం, చివరిగా నున్నబరచడం మిగిలి ఉంటాయి.

వైద్యుడు సన్నని రంగు కాగితాన్ని పళ్ళ మధ్య పెట్టి కొరకమంటారు. ఎక్కడ ఎత్తుగా ఉందో అక్కడ రంగు చుక్క పడుతుంది. ఆ చుక్క ఉన్న చోటనే కొద్దికొద్దిగా అరగదీస్తారు. దీనికి వజ్రపు రేణువులు పొదిగిన బర్రులు లేదా ఎన్నో సన్నని పలకలు కలిగిన ఉక్కువంటి గట్టి బర్రులు వాడతారు. ఆ తరువాత అల్యూమినియం ఆక్సైడ్ పూసిన చిన్న బిళ్ళలు వస్తాయి. ముదురు రంగు బిళ్ళ గరుకుది, లేత రంగు బిళ్ళ సన్ననిది అన్నట్టు తయారీదారులు వాటికి రంగులు వేస్తారు. వంద మైక్రాన్ల చుట్టుపక్కల రేణువులతో మొదలైన పని కొన్ని మైక్రాన్ల రేణువుల దాకా వస్తుంది. చివరికి రబ్బరు కప్పు, అంతకన్నా సన్నని వజ్రపు లేపనం. బండ పాలిష్‌లో చూసిన క్రమమే ఇది. మధ్యలో ఒక మెట్టు దాటవేస్తే ముందు పడిన గీతలు అలాగే ఉండిపోతాయి.

ఇంత శ్రమ ఎందుకంటే, గరుకు ఉన్న చోట సూక్ష్మజీవులు నిలదొక్కుకుంటాయి. ఉపరితలపు గరుకుదనం సగటున 0.2 మైక్రాన్ల కన్నా ఎక్కువైతే పాచి చేరిక పెరుగుతుందని పరిశోధకులు చూపారు. తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు అనుకుంటే ఆ కొలత ఎంత చిన్నదో ఊహించవచ్చు. మన నాలుక కూడా అర మైక్రాను గరుకును పసిగట్టగలదు. నింపిన పంటి మీదికే నాలుక పదే పదే పోతున్నదంటే అక్కడ ఏదో అంచు మిగిలి ఉందని అర్థం. గరుకుగా మిగిలిన అంచు దగ్గర మళ్ళీ పుచ్చు పట్టే అవకాశం ఎక్కువ.

పదార్థాన్ని బట్టి ఈ పని జరిగే వేళ మారుతుంది. వెండిరంగు అమాల్గమ్ పూర్తిగా గట్టిపడటానికి ఒక రోజు పడుతుంది, దాని మెరుగు 24 గంటల తరువాతనే. అందుకే మర్నాడు మళ్ళీ రమ్మంటారు. ఆ పిలుపును లెక్కచేయనివారు చాలామంది. ఫ్లోరైడ్ విడుదల చేసే గ్లాస్ అయానమర్ సిమెంటులో పాత రకాలకు కూడా ఒక రోజు ఆగడం మేలు. తొలి గంటల్లో తడి తగిలినా, ఎండిపోయినా అది దెబ్బతింటుంది. పంటి రంగులో ఉండే కాంపోజిట్‌ను నీలికాంతితో గట్టిపరుస్తారు కనుక అదేరోజు మెరుగు పెట్టవచ్చు. గాలి తగిలిన దాని పైపొర పూర్తిగా గట్టిపడదు. దానిని తొలగించకుండా వదిలితే త్వరలోనే మరకలు పడతాయి. పింగాణి క్యాప్ అమర్చేటప్పుడు ఎత్తు సరిచేయడానికి దానిని అరగదీస్తే, ఆ చోటును మళ్ళీ నున్నబరచడం తప్పనిసరి. గరుకుగా వదిలిన పింగాణి ఎదురుగా ఉన్న సహజ దంతాన్ని గరుకు కాగితంలాగా అరగదీస్తుంది.

బర్రు తిరిగేటప్పుడు నీళ్ళు చిమ్మడం చూసి కొందరు విసుక్కుంటారు. రాపిడి వేడిని పుట్టిస్తుంది. 1965లో కోతులమీద జరిపిన ఒక ప్రసిద్ధ పరిశోధనలో పంటి లోపలి ఉష్ణోగ్రత 5.5 డిగ్రీల సెల్సియస్ పెరిగినప్పుడు కొన్ని పళ్ళలో నాడి చనిపోయినట్టు తేలింది. ఆ నీరు పంటి ప్రాణాన్ని కాపాడేందుకే. ధూళి కళ్ళలో పడకుండా కళ్ళద్దాలు ఇస్తే పెట్టుకోండి, లేకపోతే కళ్ళు మూసుకోండి.

చెప్పుకోలేక ఓర్చుకోవద్దు

పాలిక పనిమీద ఒక దంతవైద్య విభాగానికి వెళ్ళినప్పుడు పాలమూరు నుంచి వచ్చిన ఒక పెద్దాయన వరుసలో నా పక్కన కూర్చున్నారు. తెలుగు మాట వినబడగానే దగ్గరికి జరిగి, "పన్ను నింపిచ్చుకుని మూడు వారాలాయె బిడ్డా. అది ఎత్తు తగులుతున్నది. ఆ దిక్కు బుక్క నమలస్తలేదు, దవడంతా గుంజుతున్నది" అన్నారు. ఇన్నాళ్ళు ఎందుకు రాలేదని అడిగితే, "వచ్చి ఏమని చెప్పాలె? పన్ను నొస్తుందంటే పీకేస్తరేమో అని భయమైంది" అన్నారు. ఆయన మాటను నేను మరాఠీలో వైద్యురాలికి చెప్పాను. ఆమె రంగు కాగితం పెట్టి కొరికించి, చుక్క పడిన చోట కాసేపు అరగదీసి, నున్నబరచి పంపారు. పీకవలసిన అవసరమే లేకపోయింది. మూడు వారాలు ఆయన ఒకవైపే నమిలి, సగం కడుపుతో బండలు మోశారు.

నింపిన తరువాత రెండు మూడు రోజులు కొద్దిగా జివ్వుమనడం సహజం. కాని కొరికినప్పుడు ఆ పన్నే ముందుగా తగలడం, వారం దాటినా నొప్పి తగ్గకపోవడం, నాలుకకు పదునుగా గుచ్చుకోవడం, పళ్ళ సందులో పోగు ఇరుక్కుని చిరగడం గమనిస్తే మళ్ళీ వెళ్ళాలి. ఎత్తుగా ఉన్న పంటిని అలాగే వాడుతూ పోతే పన్ను గాని, నింపిన పదార్థం గాని పగలవచ్చు. ఇది చాలావరకు కొద్ది నిమిషాల్లో సరిచేయదగిన పని. దీనికోసం తిరిగి వెళ్ళడం వైద్యుని తప్పుపట్టడం కాదు, చికిత్సలో అదొక భాగం.

భాష అడ్డు కాకూడదని కొన్ని మాటలు ఇక్కడ ఇస్తున్నాము. కాగితం మీద రాసుకుని వెంట తీసుకువెళ్ళవచ్చు.

- పళ్ళు జివ్వుమంటున్నాయి: మరాఠీలో "దాత్ శివశివతాత్", హిందీలో "దాంతోం మే ఠండా లగ్తా హై".
- నమిలేటప్పుడు ఎత్తుగా తగులుతున్నది: మరాఠీలో "చావతానా ఉంచ్ లాగతం", హిందీలో "చబానే పర్ ఊంచా లగ్తా హై".
- గరుకుగా ఉంది: మరాఠీలో "ఖరఖరీత్ లాగతం", హిందీలో "ఖుర్దురా లగ్తా హై".
- చిగుళ్ళలో నెత్తురు వస్తున్నది: మరాఠీలో "హిరడీతూన్ రక్త యేతం", హిందీలో "మసూడోం సే ఖూన్ ఆతా హై".

ముంబై సెంట్రల్‌లో మహానగర పాలిక నడిపే నాయర్ దంత వైద్య కళాశాల ఆసుపత్రి, ఛత్రపతి శివాజీ మహరాజ్ టెర్మినస్ సమీపంలో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఆసుపత్రి ఉన్నాయి. ఉదయం పెందలకడ వెళితే వరుసలో ఎక్కువసేపు నిలబడవలసిన అవసరం తగ్గుతుంది. మొదటిసారి ఇచ్చిన చీటీని పారేయకుండా తిరిగి వెళ్ళేటప్పుడు వెంట తీసుకువెళ్ళండి. ఏ పంటికి ఏమి నింపారో దానిమీదే రాసి ఉంటుంది.

రోజూ పాటించదగినవి

- మెత్తని కుచ్చు బ్రష్షు వాడండి. మూడు నెలలకొకసారి, లేదా కుచ్చు విచ్చుకోగానే మార్చండి. నెల తిరగకుండానే కుచ్చు విచ్చుకుంటున్నదంటే మీరు మరీ గట్టిగా రుద్దుతున్నారన్నమాట.
- బ్రష్షును పిడికిలితో కాక, కలం పట్టుకున్నట్టు వేళ్ళతో పట్టుకోండి. ఒత్తిడి దానంతట అదే తగ్గుతుంది.
- చిగురు అంచున ఏటవాలుగా ఆనించి, చిన్నగా కదిలిస్తూ పంటి కొన వైపు తోమండి. అడ్డంగా రంపం కోసినట్టు రుద్దవద్దు.
- ఉదయం ఒకసారి, రాత్రి పడుకునే ముందు ఒకసారి, రెండేసి నిమిషాలు చాలు. రాత్రి తోముకోవడమే ముఖ్యం.
- ఇటుక పొడి, బూడిద, బొగ్గు, మిశ్రీ వదిలిపెట్టండి. ఇంట్లో పెద్దలు మానలేకపోతున్నా పిల్లలకు అలవాటు చేయవద్దు.
- దారాలు, మేకులు, సీసా మూతలు పళ్ళకు అప్పగించవద్దు.
- నొప్పి లేకపోయినా ఏడాదికొకసారి పళ్ళు చూపించుకోండి.

బండ అరిగితే మరో బండ పరచవచ్చు. పంటి పైపొరకు ఆ అవకాశం లేదు. రేపు ఉదయం బ్రష్షు పట్టుకున్నప్పుడు చేతి బలాన్ని సగానికి తగ్గించి చూడండి. పాచి పోవడానికి ఆ సగం సరిపోతుంది.